పంతొమ్మిదో బాంబు

మనిషి అబద్ధమాడతాడు గానీ తోలు ఆడదని మా నాన్న అనేవాడు. ఆయన అన్న మాటల్లో సగం తప్పులే. ఈ ఒక్కటి మాత్రం నాకు అన్నం పెడుతోంది. ఒహాయో రాష్ట్రం డేటన్ ఊళ్ళో మా బూట్ల రిపేరు కొట్టు వెనక గదిలో కూర్చుని, రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల కుర్రాళ్ళ తోలు జాకెట్లు చూసి, వాటి వీపు మీది బొమ్మ అప్పుడు వేసిందో మొన్న వేసిందో చెప్తాను. ఇరవై ఏళ్ళుగా అదే పని. బొమ్మ లేని జాకెట్టుకి ఒక ధర, బొమ్మ ఉన్నదానికి పదింతలు. అందుకని రంగుడబ్బా పట్టుకున్న ప్రతి వెధవా చిత్రకారుడే. వాళ్ళలో ఎంతమందిని ఏడిపించానో లెక్కలేదు. నాకు ముక్కు మీదే కోపమని అందరూ అంటారు. నిజమే, నేను కాదనను.

తొంభై మూడు మార్చిలో, రోడ్ల మీద మంచు కరిగి బురదగా ఉన్న ఒక మంగళవారం, అరవై ఏడేళ్ళ ఆవిడ దిండు గలీబులో చుట్టిన మూటతో లోపలికొచ్చింది. బక్కపల్చటి మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటోంది.

"జాకెట్లు చూసే వెర్నా స్టాల్ మీరేనా?"

"నేనే. చూస్తాను. నచ్చే మాటే చెప్తానని మాత్రం బోర్డు పెట్టలేదు."

"ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తోలాను తల్లీ. నచ్చే మాటలు వినే యోగం నాకెప్పుడో పోయింది" అంది. పేరు ఆర్డిస్ క్రేబిల్, లైమా పక్క పల్లెటూరు. జాకెట్టు వాళ్ళన్న వెండెల్‌ది. బాంబులు వేసే విమానంలో తుపాకీ దగ్గర కూర్చునేవాడట. నలభై నాలుగు ఫిబ్రవరిలో, ఇరవై ఒక్క ఏళ్ళప్పుడు, విమానంతో సహా సముద్రంలో పోయాడని సైన్యం అందట.

మూట విప్పి బల్ల మీద పరిచాను. గుర్రపు తోలు, ముదురు గోధుమరంగు, మోచేతుల దగ్గర నల్లబడింది. వీపు మీద బాంబు ఎక్కి కూర్చున్న అమ్మాయి బొమ్మ. పైన విమానం పేరు 'టోలీడో టెస్సీ'. అమ్మాయి ఒంటి మీద మోకాళ్ళు దాటిన పసుపు గౌను, మెడదాకా బొత్తాలు. అడుగున వరసగా చిన్న చిన్న బాంబు గుర్తులు, ఒక్కో దాడికి ఒకటి. ఎప్పుడైనా నేను మొదట చేసే పని అవి లెక్కపెట్టడం. పంతొమ్మిది ఉన్నాయి.

ఆర్డిస్ చేతిసంచీలోంచి సైన్యం పంపిన ఉత్తరం తీసింది. పంతొమ్మిదో దాడికి వెళ్ళి తిరిగి రాలేదని అందులో ఉంది. ఉత్తరం చూశాను, బాంబులు మళ్ళీ లెక్కపెట్టాను, జాకెట్టు ఆమె వైపు తోసేశాను.

"దొంగ బొమ్మ. తీసుకెళ్ళండి."

"ఏమిటీ?"

"దాడికెళ్ళి తిరిగొచ్చి నేల మీద నిలబడ్డాకే గుర్తు వేసుకునేవాళ్ళమ్మా. ముందు వేసుకుంటే చావుని పిలిచినట్టే అని వాళ్ళ నమ్మకం. పంతొమ్మిదోదాన్నుంచి మీ అన్న రానేలేదు కదా, మరి పంతొమ్మిదో గుర్తు వేసిందెవరు, దెయ్యమా? ఎవడో సైన్యం కాగితాలు చదివి, ఇన్ని దాడులు అని లెక్క కట్టి వేశాడు. ఏ సంతలో కొన్నారు దీన్ని?"

ఆమె కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సంతలో కొనలేదు. నలభై నాలుగు వేసవిలో సైన్యం వాళ్ళ పెట్టెలో మా ఇంటికొచ్చింది. ఆనాటి నుంచి ఈ పొద్దుటిదాకా మా వంటింటి తలుపు వెనక కొక్కేనికే ఉంది. మీరు చెప్పిన రూలు మాకు తెలుసు. వెండెల్ ఆఖరి ఉత్తరంలో రాశాడు. 'పద్దెనిమిది అయ్యాయి, సొంత కాళ్ళ మీద నిలబడ్డాకే గుర్తు వేసుకుంటాం అమ్మా, నువ్వేం భయపడకు' అని. ఆ పెట్టె విప్పిన రోజు మా అమ్మ ఈ గుర్తులు లెక్కపెట్టింది. పంతొమ్మిది."

నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పరిగెడుతుంది. ఆ రోజు పరిగెత్తి గోడకి గుద్దుకుంది.

"మా అమ్మ అంది, వాడు తిరిగొచ్చాడే, రాకపోతే ఇదెలా వేసుకుంటాడు, సైన్యం లెక్క తప్పింది అని. అంతే. వాడు పోయాడని మా ఇంట్లో ఎవరూ అనకూడదు. చర్చిలో ప్రార్థన పెట్టనివ్వలేదు. మతి పోయి, పేరు చెప్పలేని సైనికులు ఏ ఆసుపత్రిలో ఉన్నారని తెలిసినా అక్కడికల్లా ఉత్తరం రాసేది. డెబ్భై ఆరులో పోయింది. పోయే ముందు కూడా, వాడొస్తే తాళం చెవి ఎక్కడుందో చెప్పమంది."

"మరి ఇన్నేళ్ళూ మీరెందుకు ఎవర్నీ అడగలేదు?"

"ఏం చెప్తారోనని భయం" అంది ఆర్డిస్. "ఇప్పుడు మా ఊళ్ళో రాయి నిలబెడుతున్నారు, యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లతో. మే నెలలో చెక్కడం. వెండెల్ పేరు చెక్కమంటారా వద్దా అని నన్నడిగారు. చెక్కమంటే మా అమ్మ మాట కాదన్నట్టు. వద్దంటే, నిజంగా పోయినవాడికి రాతి మీద కూడా చోటు లేకుండా చేసినట్టు. ఈ పంతొమ్మిదోది ఎవరు వేశారో తేల్చండి. ధర అడగటానికి రాలేదు నేను."

ధర అడగని మనిషి నా బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. కాఫీ పెట్టి, తలుపుకి గొళ్ళెం వేసి, భూతద్దం తీశాను.

మొదట నల్లదీపం. ఆ ఊదా వెలుగు కింద పెడితే కొత్త దారం, కొత్త గుడ్డ దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకోవు, నీలంగా వెలిగిపోతాయి. ఇక్కడ ఏదీ వెలగలేదు. దారాలు పాతవి, జిప్పు పాతది, చేతులకి కుట్టిన పట్టీ పాతదే. తర్వాత ముడతలు. తోలు మీద రంగు ముందు పడి, తర్వాత ఒంటి మీద నలిగితే ముడత దగ్గర రంగు పగిలి లేస్తుంది. ముడతపడ్డ తోలు మీద వేస్తే రంగు ముడతలోకి దిగి కూర్చుంటుంది. అమ్మాయి ముఖం, కాళ్ళు, మొదటి వరస గుర్తులు పగిలి ఉన్నాయి. గౌను రంగు మాత్రం ముడతల్లోకి దిగింది.

"గౌను తర్వాత వేశారు" అన్నాను.

"తర్వాతంటే? ముందేం తొడుక్కుంది?"

అంచు దగ్గర గోరంత పెచ్చు ఊడి ఉంది. అక్కడ భూతద్దం పెట్టి చూశాను. "గౌను కింద ఏమీ లేదు."

"ఏమీ లేదంటే?"

"ఏమీ లేదంటే ఏమీ లేదమ్మా. పుట్టినప్పుడు ఎలా ఉందో అలా."

ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "అయ్యో దేవుడా! మా అమ్మ చర్చిలో ఆర్గన్ వాయించేది! పాస్టరుగారు భోజనానికి వచ్చినప్పుడల్లా, 'ఈ రోజుల్లో ఇంత మర్యాదస్తురాలి బొమ్మ ఎవరు వేసుకుంటున్నారు' అనేవాడు! ఏదీ, ఆ అద్దం ఇటివ్వండి."

ఇచ్చాను. చూసి మళ్ళీ నవ్వింది. నాకూ నవ్వాగలేదు. పొద్దున దొంగ బొమ్మ అని తోసేసిన దాన్నే ఇప్పుడు వదల్లేకపోతున్నాను.

ఆమె నవ్వు తగ్గాక మళ్ళీ వంగాను. ఇంకోటి కనిపించింది. బొమ్మలో ఆ పిల్ల కాళ్ళు వేసినవాడికి బొమ్మ రాదు. ఒక కాలు పొడుగు, ఒకటి పొట్టి, పాదాలు రెండూ ఎడమవే. పద్దెనిమిది బాంబులూ మొక్కజొన్న పొత్తుల్లా తలోదిక్కుకి వంగి ఉన్నాయి. పంతొమ్మిదోది మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. గౌనూ అంతే, మడతలు, నీడలు, బొత్తాల మెరుపు, ఏదీ తప్పలేదు. రెండింటిదీ ఒకటే పసుపు. నా దగ్గర ఒక రేకు డబ్బా ఉంది, అందులో పాత విమానాల తోకల నుంచి రాలిన రంగు పెచ్చులు దాచుకుంటాను. ఒకటి తీసి గౌను పక్కన పెట్టాను. అదే రంగు, గోటితో నొక్కితే అదే గట్టితనం. ఇలాంటిది మన ఊరి కొట్లో దొరకదు. విమానాల దగ్గర పనిచేసేవాళ్ళకే దొరుకుతుంది.

"ఆర్డిస్‌గారూ, మీ అన్నకి బొమ్మలు వచ్చా?"

"వెండెల్‌కా? వాడు ఆవు బొమ్మ వేస్తే మా నాన్న కుర్చీ అనుకున్నాడు."

"పిల్లనీ పద్దెనిమిది గుర్తుల్నీ మీ అన్నే వేసుకున్నాడు. గౌనూ పంతొమ్మిదోదీ వేసింది వేరేవాడు. చెయ్యి తిరిగినవాడు. ఒకే డబ్బా, ఒకే కుంచె, ఒకేసారి కూర్చుని వేశాడు. అదీ ఆ విమానాల స్థావరంలోనే. నేను పొద్దున వాగింది తప్పు. ఇది దొంగది కాదు." ఒప్పుకోవడం నాకు చేతకాని పని, గబగబా అనేశాను. "ఒక్క సంగతి చెప్పండి. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు, బట్టల్లేని పిల్లని వీపున వేసుకుని ఊరేగినవాడు, ఉన్నట్టుండి దానికి మెడదాకా గౌను ఎందుకు తొడిగిస్తాడు?"

"అమ్మ చూస్తుందంటే" అంది ఆర్డిస్ వెంటనే.

 ఇద్దరం జాకెట్టు వంకే చూశాం. తల్లి కంట ఈ జాకెట్టు పడాలంటే అది ఇంటికి రావాలి. ఎవరో దాన్ని ఇంటికి పంపాలి.

"వాడే ఇంటికొస్తున్నాడేమో" అంది ఆమె నెమ్మదిగా. "పంతొమ్మిదితో చాలు ఇంటికెళ్ళమన్నారేమో. వచ్చే ముందు వేయించుకున్నాడేమో. కాకూడదా?"

కాకూడదని చెప్పడానికి నా దగ్గర ముడతలు లేవు. తోలుకి అంతవరకే తెలుసు.

వెండెల్ ఉన్న దళం సైనికులకి ఒక సంఘం ఉంది, దానికో కార్యదర్శి ఉన్నాడు. ఆ సాయంత్రమే ఫోను చేశాను. మీ స్థావరంలో విమానాల మీద బొమ్మలు వేసేవాడెవరని అడిగితే, ఆలోచించకుండా చెప్పాడు. మెర్ల్ ఫెంటన్. విమానాలు బాగుచేసే మెకానిక్కు, ఎప్పుడూ పైకి ఎగరలేదు, అందుకే బతికున్నాడు. పక్క రాష్ట్రం ఇండియానాలో, రిచ్‌మండ్‌లో ఉంటున్నాడు, నలభై ఏళ్ళు సైనుబోర్డులు రాసి మానేశాడు. ఇక్కడికి గంట దారి.

శనివారం నా కారులోనే వెళ్ళాం. ఆర్డిస్ జాకెట్టుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నువ్వు బ్రేకు మీద కాలు పెట్టి తోలుతున్నావు" అని రెండుసార్లు అంది. అప్పటికి నన్ను నువ్వు అనడం మొదలుపెట్టింది. నాకు హాయిగానే ఉంది.

మెర్ల్‌కి డెబ్భై నాలుగు. చేతులు వణుకుతున్నాయి, కళ్ళు మాత్రం చురుకు. భార్య పోయిందట, తనే వండాడు. ఉడికించిన బంగాళాదుంపల ముద్ద మీద కోడి నూడుల్స్ పోసి, మేం వద్దన్నా వినకుండా కంచాలు నింపాడు. ఆ తర్వాత ఆర్డిస్ జాకెట్టు విప్పి, కుర్చీ వీపుకి తొడిగి అతని వైపు తిప్పింది.

అతను చూశాడు. చెంచా కింద పెట్టాడు.

"ఓరి దేవుడా, ఇది నా గౌను" అన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెండెల్ క్రేబిల్! రెండూ ఎడమ పాదాలే వేశాడు వెధవ! 'ఒరే, అది నడిస్తే గుండ్రంగా తిరుగుతుందిరా' అని ఎంత ఏడిపించేవాళ్ళమో! నువ్వు వాడి చెల్లెలివా? ట్రాక్టరు కాలవలోకి తోసిన పిల్లవి నువ్వేనా?"

"నేనే. గేరు సరిగా లేదు దానికి" అంది ఆర్డిస్. "గౌను మీరెందుకు వేశారు?"

"పెట్టె సర్దాలి కదమ్మా. ఎవరైనా పోతే వాళ్ళ సామాను ఇంటికెళ్ళే ముందు మేం నలుగురం కూర్చుని ఏరేవాళ్ళం. తల్లి చూడకూడనివి తీసేసేవాళ్ళం. పాచికలు, పొగాకు, ఎవరో పిల్ల రాసిన ఉత్తరాలు. వెండెల్ పెట్టెలో అన్నీ తీశాం, ఈ జాకెట్టు మిగిలింది. పైకి వెళ్ళేటప్పుడు కరెంటుతో వెచ్చబడే బట్టలు వేసుకునేవాళ్ళు, ఇవి కొక్కేనికి వదిలి వెళ్ళేవాళ్ళు. పారేద్దామంటే మనసొప్పలేదు. వాళ్ళమ్మ చర్చిలో ఆర్గన్ వాయిస్తుందని వాడు వందసార్లు చెప్పాడు. సరే, తోకలకి వేసే పసుపు మిగిలుంటే గౌను తొడిగేశాను. బొత్తాలు కూడా పెట్టాను, చూశావా?"

"చూశాను. పంతొమ్మిదో బాంబు?"

మెర్ల్ నవ్వు సద్దుమణిగింది.

"అది రూలు కాదు" అన్నాడు. "రూలు ప్రకారం వాడికి పద్దెనిమిదే. దాని కోసం పెద్ద గొడవైంది. తిరిగి రానివాడికి గుర్తు వేస్తే మిగతావాళ్ళకి అరిష్టమని ఒకడు నా కాలర్ పట్టుకున్నాడు. 'వెళ్ళారా లేదా? పని చేశారా లేదా? పక్క విమానంవాళ్ళు కళ్ళారా చూశారు కదరా, ఆ కుర్రాడి కష్టం ఎగ్గొడతామా' అని నేనే వేశాను. ఈ చేత్తోనే."

ఆర్డిస్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. "అయితే వాడు రాలేదు. ఒక్కసారి కూడా? దిగి, మళ్ళీ ఎక్కి వెళ్ళడం, అలాంటిదేమీ?"

"లేదమ్మా. తిరుగుదారిలోనే సముద్రంలో పడింది. ఒక్క పారాచూటూ తెరుచుకోలేదు. ఆ విమానం నాది కదా, ఎగిరేది వాళ్ళయినా బాగుచేసేది నేను. అది ఆగే ఖాళీ జాగాలో చీకటి పడేదాకా నిలబడ్డాను. అన్నానికి పిలిచినా వెళ్ళలేదు."

ఆర్డిస్ తల ఊపింది. ఆమె ముఖంలోకి చూడలేక నేను నా కంచంలోకి చూసుకున్నాను. నలభై తొమ్మిదేళ్ళ ప్రశ్నకి జవాబు నూడుల్స్ చల్లారేలోపే వచ్చేసింది.

మెర్ల్ వేలు చాచి, తాకీ తాకకుండా ఆ పంతొమ్మిదో గుర్తు మీద పెట్టాడు.

"ఒక్క మాట అడగనా? ఇన్నేళ్ళుగా మనసులో ఉంది. మీ అమ్మగారు ఇది చూశారా? పద్దెనిమిది కాదు పంతొమ్మిది అని గమనించారా? వాడు ఆఖరి పని కూడా పూర్తి చేశాడని ఆ తల్లికి తెలియాలనే వేశాను. సైన్యంవాళ్ళు అవన్నీ రాయరు. ఎవరూ లెక్కపెట్టకుండా ఏ అటక మీదో పడేశారేమో అనుకునేవాణ్ణి."

నాలో ఏదో భగ్గుమంది. ముప్పై రెండేళ్ళు! ఎన్ని ఆసుపత్రులు, ఎన్ని ఉత్తరాలు! ఈ పెద్దమనిషి ఒక్క కుంచె గీతతో ఒక తల్లిని కాల్చుకు తిన్నాడని చెప్పెయ్యాలని నోరు తెరిచాను. బల్ల కింద ఆర్డిస్ బూటు నా పాదం మీద పడింది. బస్సు బ్రేకు తొక్కిన కాలు అది, ఎముక విరుగుతుందనుకున్నాను.

"చూసింది" అంది ఆర్డిస్. "పెట్టె విప్పిన రోజే లెక్కపెట్టింది. వంటింటి తలుపుకి తగిలించుకుని రోజూ చూసుకునేది. పోయేదాకా."

"రోజూ?"

"రోజూ."

"ఏమన్నా అన్నారా?"

ఆర్డిస్ నా వైపు చూడలేదు. "మావాడు పని మధ్యలో వదల్లేదు అనేది. అందరికీ చూపించేది. ఇది వేసినవాడెవడో గానీ వాడి చెయ్యి చల్లగుండాలి అనేది."

మెర్ల్ జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు, దొరక్క వంటగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. "అమ్మయ్య" అన్నాడు. "అమ్మయ్య." లేచి ఆమె కంచంలో ఇంకో గరిటె నూడుల్స్ వేశాడు. ఆమె వద్దనకుండా మొత్తం తినేసింది.

తిరుగుదారిలో ఒహాయో సరిహద్దు దాటాం. నా పాదం సలుపుతోంది.

"సోమవారం రాయి చెక్కేవాడికి ఫోను చేస్తాను" అంది ఆర్డిస్. "వెండెల్ పేరు పెట్టమంటాను."

"మంచిది" అన్నాను. ఆగలేక అడిగేశాను. "అతనికి నిజం ఎందుకు చెప్పలేదు? మీ అమ్మని అంత ఏడిపించినవాడికి?"

ఆమె జాకెట్టు చేతుల్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"తిడదామనే వచ్చాను వెర్నా" అంది. "ఈ గుర్తు వేసినవాడు దొరికితే ఏం తిట్టాలో ఇరవై ఏళ్ళుగా అనుకుని పెట్టుకున్నాను. రాత్రంతా నెమరేసుకున్నాను కూడా. తీరా దొరికినవాడు మా వెండెల్ కోసం చీకట్లో నిలబడ్డవాడాయె. మాలో ఎవరమైనా అక్కడుంటే అదే కదా చేసేది." ఏడ్చేసింది, గట్టిగా, చిన్నపిల్లలా. నేను కారు రోడ్డు పక్కకి తీసి ఆపాను.